తరమని తాయెత్తు: ఈజిప్టు జార్ వేడుకల్లో వెండి బిళ్లలు

తాయెత్తు అనగానే మనకు ముందు తోచేది రక్షణ. దిష్టి తగలకుండా, గాలీ ధూళీ సోకకుండా, పీడకలలు రాకుండా మెడలోనో, జబ్బకో, మొలతాడుకో కట్టుకునేది. ఈజిప్టులోనూ అలాంటివి బోలెడు ఉన్నాయి. నీలం పూసలు, ఖురాన్ వాక్యాలు రాసి తోలులో కుట్టిన చీటీలు, అరచేతి ఆకారంలో బిళ్లలు. అన్నీ చెడును గడప అవతలే ఆపడానికి. కానీ అదే దేశంలో, చాలాసార్లు అదే ఆడవాళ్ల మెడల్లో, ఇంకో రకం వెండి బిళ్ల కూడా ఉండేది. దాని మీద చెక్కిన బొమ్మ ఏ మహాత్ముడిదీ కాదు. ఆమెను పట్టుకుని పీడిస్తున్న ఆత్మది. జబ్బు తెచ్చినవాడి బొమ్మనే వెండిలో చెక్కించి, కింద మువ్వలు వేయించి, అందంగా మెడలో వేసుకోవడమన్నమాట.

ఇదెక్కడి తాయెత్తు అనిపిస్తుంది. జార్ అనే వేడుక లెక్క తెలిస్తే తప్ప ఈ బిళ్ల అర్థం కాదు.

జార్ అంటే ఆత్మ పేరు, ఆ ఆత్మ పట్టిన స్థితి పేరు, దానికోసం జరిపే వేడుక పేరు కూడా. ఇథియోపియా, సూడాన్, ఈజిప్టు, అరేబియా తీరం, దక్షిణ ఇరాన్ దాకా ఈ ఆచారం పరుచుకుని ఉంది. ఈజిప్టులో దీన్ని నడిపించే ఆమెను కూదియా అంటారు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పిల్లలు పుట్టకపోవడం, కడుపు నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం, మందులకు లొంగని తలనొప్పి, కారణం చెప్పలేని దిగులు. డాక్టర్ల చుట్టూ, దర్గాల చుట్టూ తిరిగి తిరిగి విసిగాక చివరికి కూదియా గుమ్మం తొక్కేవాళ్లు ఎక్కువ. ముస్లింలే కాదు, ఈజిప్టు పాత క్రైస్తవ శాఖ అయిన కాప్టిక్ క్రైస్తవ స్త్రీలూ వస్తారు.

ఇక్కడ మొదటి నియమం, మిగతా నియమాలన్నిటికీ మూలమైనది, ఒకటుంది. జార్ ఆత్మ వదిలిపోదు. ఒకసారి పట్టిందంటే చచ్చేదాకా ఉంటుంది. కాబట్టి తరిమే పని పెట్టుకోరు. దానికేం కావాలో కనుక్కుని, ఇచ్చి, మంచి చేసుకుంటారు. మన ఊళ్లలో ఎవరికైనా పూనకం వస్తే చుట్టూ ఉన్నవాళ్లు ‘ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి?’ అని అడుగుతారు. వచ్చింది అమ్మవారైతే పసుపూ కుంకుమా పెడతారు, దెయ్యమైతే వేపమండలు అందుకుంటారు. జార్ ఆత్మ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. దానికి పూజ లేదు, వేపమండల దెబ్బా లేదు. ఈజిప్టులో ఈ ఆత్మల్ని అస్యాద్ అంటారు, అంటే దొరలు. అలిగిన దొరను ఎలా మర్యాద చేసి చల్లబరుస్తారో అదే ఇక్కడి వైద్యం.

ఏ దొర పట్టాడన్నది ముందు తేలాలి. రోగి ఒంటిని తాకిన బట్టముక్క, తలకు కట్టుకునే రుమాలు లాంటిది, అందులో కొంత డబ్బు పెట్టి కూదియాకు ఇస్తారు. ఆమె దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటుంది. కలలో ఆత్మ కనబడి తనెవరో, ఏం కావాలో చెబుతుంది. కొన్నిచోట్ల పాటలతోనే తేలుస్తారు. ప్రతి ఆత్మకూ తనదైన దరువు ఉంటుంది. సాంబ్రాణి పొగ మధ్య ఒక్కో దరువూ వరసగా వాయిస్తూ పోతారు. ఏ దరువుకు రోగి ఒళ్లు కదిలిందో, ఆ దరువు యజమానే పట్టినవాడు. ఆత్మ నోరు తెరిస్తే కోరికల జాబితా బయటికొస్తుంది: ఫలానా రంగు గౌను, ఫలానా రంగు కోడి లేదా గొర్రె, ఉంగరం, కాళ్లకు కడియాలు, వెండి బిళ్ల.

పెద్ద వేడుకలో ఆ రోగిని పెళ్లికూతురు అంటారు. తెల్లబట్టలు, గోరింటాకు, కళ్లకు కాటుక. గది మధ్యలో కుర్సీ అనే బల్ల, దాని మీద కొవ్వొత్తులు, గింజలు, మిఠాయిలు. బలి ఇచ్చిన జంతువు నెత్తురు ఆమె ఒంటికి పూస్తారు. చేయించిన నగల్ని కూడా ఆ నెత్తుటిలో తడుపుతారు. కంసాలి దుకాణం నుంచి వచ్చిన వెండి ముక్క ఆ క్షణం నుంచే జార్ సొత్తవుతుంది. నగ మారలేదు, బొమ్మ మారలేదు. యజమాని మారాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత మ్యూజియంల దగ్గరికి, సేకర్తల దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఒక మామూలు జార్ బిళ్లను దగ్గరగా చూద్దాం. గుండ్రంగా ఉంటుంది, కొన్ని పలకలుగానూ ఉంటాయి. అరచేతిలో ఇమిడే సైజు. పైన గొలుసుకు తగిలించే కొక్కెం. అంచు చుట్టూ ఉలిని అటూ ఇటూ ఊపుతూ నడిపిస్తే పడే వంకర గీతల వరస. మధ్యలో నిలబడ్డ మనిషి. తల మీద కుచ్చు వేలాడే తర్బూష్ టోపీ, ఒంటి మీద కోటు. ముఖం చిన్నపిల్లలు గీసినట్టు రెండు చుక్కల కళ్లు, ఒక గీత ముక్కు. ఒక్కోసారి చేతిలో కత్తి. కింద అంచుకు చిన్న గొలుసులతో వేలాడే మువ్వలు, చాలావాటికి ఐదో ఏడో. తిప్పి చూస్తే వెనక వైపు బొమ్మ లేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా అరబ్బీ అక్షరాలు వరసలుగా కిక్కిరిసి ఉంటాయి. బిళ్ల గుండ్రంగా ఉండటంతో పైవరసలో రెండు మూడు మాటలే పడతాయి, మధ్యకొచ్చేసరికి చోటు దొరికి విప్పారుతాయి, కిందికొచ్చేసరికి చెక్కేవాడికి చోటు చాలక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కొన్నిటిలో వాక్యం పూర్తి కాకుండానే వెండి అయిపోతుంది.

ఆ అక్షరాలు చాలావరకు ఆయతుల్ కుర్సీ. ఖురాన్‌లో రెండో అధ్యాయం 255వ వాక్యం. అల్లాహ్‌కు కునుకుగానీ నిద్రగానీ రాదని, ఆయన కుర్సీ, అంటే సింహాసనం, ఆకాశాలనూ భూమినీ ఆవరించి ఉందని చెప్పే వాక్యం. రక్షణ కోసం ముస్లిం ప్రపంచమంతటా చదివేది ఇదే. హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేది కూడా ఇదే.

ఒక పక్క ఆత్మ బొమ్మ, ఇంకో పక్క ఖురాన్ వాక్యం. మతపెద్దల లెక్కలో ఈ రెండూ ఒకే వెండి ముక్క మీద ఉండకూడదు. ఇది ఎందుకిలా ఉందన్న ప్రశ్నకు రెండు మూడు జవాబులున్నాయి, అందులో ఒకటే సరైనదని పట్టుబట్టడం అనవసరం. ఒకటి, జార్‌లో పాల్గొనేవాళ్లు తాము ఇస్లాంకు బయట ఉన్నామని ఎప్పుడూ అనుకోలేదు. వేడుక ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహాతో, ప్రవక్తకు సలాములతో, వలీల, అంటే మహాత్ముల, స్తుతితో మొదలై ఆ తర్వాతే దొరల దరువుల్లోకి వెళుతుంది. బిళ్ల కూడా ఆ వరసనే పాటిస్తోంది. రెండు, ఒప్పందం కుదిరింది ఒక్క ఆత్మతో. కంటికి కనబడని మిగతా ఆత్మల, అంటే జిన్నుల, సంగతి? వాటిని ఆపడానికి మామూలు రక్షణ కావాల్సిందే. మూడోది కాస్త లౌక్యమైన జవాబు. గుండ్రటి బిళ్లను ఎటైనా తిప్పుకోవచ్చు. అత్తింట్లోనో వీధిలోనో ఎవరైనా నిలదీస్తే చూపించడానికి ఖురాన్ వాక్యం సిద్ధంగా ఉంటుంది. మూడోదానికి రాతపూర్వక సాక్ష్యం చూపించలేం గానీ, మొగుడి డబ్బుతో జార్ చేయించుకునే ఆడవాళ్ల చుట్టూ ఎంత టెన్షన్ ఉండేదో తెలిస్తే అది అసాధ్యమని అనిపించదు.

తర్బూష్ టోపీ మనిషి దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే జార్ బిళ్లల మీద అందరికంటే ఎక్కువగా కనిపించేది అతనే. పేరు యావ్‌రా బే. యావర్ అంటే ఒట్టోమన్ (తుర్కీ) సైన్యంలో పెద్ద అధికారికి సహాయకుడిగా ఉండే ఆఫీసరు. అందగాడు, యువకుడు, యూనిఫాం వేసుకున్నవాడు. అతను పట్టిన స్త్రీ అతని దరువుకు లేచినప్పుడు తలకు తర్బూష్ పెట్టుకుని ఆడుతుంది. ఇంటి గడప దాటడానికి పర్మిషన్ కావాల్సిన మనిషి కాసేపు ఆఫీసరవుతుంది.

అతని పక్కనే ఇంకో ఆమె ఉంది, సిత్ సఫీనా. నీళ్లకు చెందిన ఆత్మ, సఫీనా అంటే ఓడ. ఆమె బిళ్ల మీద నడుం కింద చేపతోక ఉన్న స్త్రీ కనిపిస్తుంది, కొన్నిటి మీద చేపలే ఉంటాయి. ఒంటె మీద కూర్చున్న మనిషి ఉంటే ఎడారి అరబ్బు ఆత్మ. హబషీ ఆత్మలున్నాయి, అంటే ఇథియోపియా దొరలు. సూడాన్ ఆత్మలున్నాయి. క్రైస్తవ మఠాల ఆత్మలూ ఉన్నాయి, వాటికోసం ముస్లిం స్త్రీలు కూడా సిలువ గుర్తులున్న నగలు వేసుకునేవారు. హకీం పాషా అని ఒక డాక్టరు ఆత్మ సైతం ఉన్నాడు.

ఈ జాబితా ఊరికే పుట్టింది కాదు. వరసగా చదివితే పంతొమ్మిదో శతాబ్దపు ఈజిప్టు సంతకం కనబడుతుంది. 1820లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ సైన్యాలు సూడాన్ మీదికి వెళ్లాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు సూడాన్ నుంచి, ఇథియోపియా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన స్త్రీలు కైరో ఇళ్లలోకి, అంతఃపురాల్లోకి చేరారు. జార్ కూడా వాళ్లతోనే వచ్చిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. 1825 నుంచి 1828 వరకూ, మళ్లీ 1833 నుంచి 1835 వరకూ ఈజిప్టులో ఉండి అక్కడి ప్రతి ఆచారాన్నీ పూసగుచ్చినట్టు రాసిన ఇంగ్లీషువాడు ఎడ్వర్డ్ లేన్ జార్ ఊసే ఎత్తలేదు. అదే 1870ల్లో ఎర్రసముద్రం ఒడ్డున కుసైర్ అనే రేవులో పనిచేసిన జర్మన్ డాక్టరు క్లుంజింగర్ దాన్ని వివరంగా రాశాడు, ఇథియోపియా బానిస స్త్రీలు తెచ్చిందని కూడా చెప్పాడు. మధ్యలో నలభై ఏళ్లు. లేన్ మగవాడు కాబట్టి ఆడవాళ్ల లోగిళ్లలో జరిగేది అతని కంటపడలేదన్న అభ్యంతరం ఉంది, అది కొట్టిపారేసేది కాదు. 1877లో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరాక బానిస వ్యాపారం చట్టప్రకారం ఆగిపోతూ వచ్చింది. స్వేచ్ఛ దొరికినా బతుకుతెరువు లేని నల్లజాతి స్త్రీలలో కొందరికి కూదియా పని ఒక వృత్తి అయింది. నిన్నటి దాకా వాకిలి ఊడ్చిన మనిషి ముందు ఇవాళ అదే ఇంటి యజమానురాలు తలవంచి కూర్చుంటుంది. జార్ గురించి ఎన్ని సిద్ధాంతాలు చదివినా ఈ తలకిందుల లెక్కను మించి ఆసక్తి కలిగించేది లేదు.

హబషీ అన్న మాట మనకు కొత్తది కాదు. హైదరాబాద్‌లో హబ్సిగూడ పేరు నిజాం కొలువులోని హబ్షీల నుంచే వచ్చిందంటారు. మన దగ్గరి హబ్షీల ఆచారాలకూ ఈజిప్టు జార్‌కూ ముడిపెట్టలేం గానీ, ఎర్రసముద్రానికి అటూ ఇటూ మనుషుల్ని అమ్మిన ఆ పాత దారులు మాత్రం ఎంతదూరం పోయాయో ఈ పేరు చెబుతుంది.

అలా సామ్రాజ్యం నడిపినవాడు, సామ్రాజ్యం కింద నలిగినవాడు, ఎడారివాడు, మఠంవాడు, డాక్టరు అందరూ ఒకే వరసలో దొరలైపోయారు. ఆడవాళ్ల ఒళ్లలో దిగి కోరికలు కోరారు. 1952 విప్లవం తర్వాత ఈజిప్టులో బే, పాషా బిరుదులు రద్దు చేశారు. తర్బూష్ కూడా పాతకాలపు దొరతనానికి గుర్తుగా మిగిలి వీధుల్లోంచి పోయింది. జార్ బిళ్ల మీద యావ్‌రా బే పదవీ పోలేదు, టోపీ కూడా పోలేదు. బిళ్లలు చెక్కేవాళ్లు టోపీని అసలు తల మీద ఎవరూ పెట్టుకోని రోజుల్లో కూడా గీస్తూనే ఉన్నారు, అందుకే కొత్తవాటిలో అది టోపీలా కాక బకెట్ బోర్లించినట్టు ఉంటుంది.

ఇక వెండి సంగతి. ఇనుమంటే జిన్నులకు భయమని ఈజిప్టు జనం నమ్మకం. సుడిగాలి లేస్తే అందులో జిన్ను పోతోందనుకుని ‘ఇనుము! ఇనుము!’ అని అరిచేవాళ్లని లేన్ రాశాడు. ఆ పేరు వింటే చాలు పారిపోతుందని. జిన్నును వదిలించాలనుకునే వైద్యం దారి అది: ఖురాన్ పారాయణ, బెదిరింపు, ఒక్కోసారి దెబ్బలు. జార్ నగల్లో ఇనుము కనబడదు. వెండి, దానికి స్తోమత లేకపోతే ఇత్తడి, తెల్లలోహం. డబ్బున్న ఇళ్లలో కొన్ని బంగారంతోనూ చేయించారు. రమ్మని పిలిచే అతిథికి ముళ్లకంచె కట్టరు కదా. మువ్వలు కూడా ఈ కోణంలోంచే చూడాలి. ఇతర తాయెత్తులకు కట్టే గజ్జెలు, గంటలు చెడును అదరగొట్టడానికని చెబుతారు. జార్‌లో చప్పుడంటే పిలుపు. సూడాన్ తరహా బృందంలో మగ నర్తకుడు నడుముకు మంగూర్ అనే పట్టీ కట్టుకుంటాడు. దానికి వందలకొద్దీ మేక గిట్టలు కుట్టి ఉంటాయి. అతను నడుం తిప్పితే అది మొత్తం గది నిండా గలగలమంటుంది. తంబూరా అనే అక్కడి తంతివాద్యం, డప్పులు, ఈ గిట్టల చప్పుడు, దాని మధ్య ఆడవాళ్ల మెడల్లో బిళ్లల మువ్వలు. నాట్యం చేసేవాళ్ల నగలు సంగీతంలో భాగమైపోతాయి. గాజు పెట్టెలో పడుకోబెట్టిన బిళ్లను చూస్తే ఇది తట్టదు.

బొమ్మ విషయంలో తేడా తెలియాలంటే జార్ పుట్టిల్లుగా చెప్పే ఇథియోపియానే చూడాలి. అక్కడి క్రైస్తవుల్లో తోలు చుట్టల తాయెత్తులున్నాయి. మేకతోలో గొర్రెతోలో సన్నటి పట్టీగా కోసి, ప్రార్థనలు రాసి, పెద్ద పెద్ద కళ్లున్న దేవదూతల బొమ్మలు వేస్తారు. పట్టీ పొడవు రోగి ఎత్తుకు సరిపోవాలన్నది నియమం, తల నుంచి కాలి దాకా మొత్తం ఒంటికి కాపలా ఉండాలని. దాని మీద చూసేది దేవదూత, ఆ చూపుకు పారిపోవాల్సింది దయ్యం. కైరో బిళ్లలో ఆ చూపు తిరగబడింది. బొమ్మలో ఉన్నది వచ్చినవాడే, పక్కన కాపలాదారు లేడు. పుట్టింటి తాయెత్తు పద్ధతిని జార్ తనతో తెచ్చుకోలేదు. కైరో నగల వీధిలో దొరికిన వెండి పనిని, ఇక్కడి బిళ్ల ఆకారాన్ని తీసుకుని తనకు కావాల్సింది తయారు చేయించుకుంది.

చేయించుకుందంటే, చేసినవాళ్లెవరు? కైరోలో ఖాన్ అల్ ఖలీలీ బజారు పక్కనే ఉన్న సాఘా అనే వీధి శతాబ్దాలుగా కంసాలుల వీధి. ఆ పనిలో కాప్టిక్ క్రైస్తవులు, యూదులు, అర్మేనియన్లు ఎక్కువగా ఉండేవారు. ముస్లిం స్త్రీకి పట్టిన ఒట్టోమన్ ఆఫీసరు ఆత్మ బొమ్మను, వెనక ఖురాన్ వాక్యంతో సహా, ఒక యూదు కంసాలి చెక్కి ఉండొచ్చు. ఆ కాలపు కైరోలో ఎవరికీ ఇది వింతగా తోచి ఉండదు.

డబ్బు సంగతి ఎత్తకుండా జార్ గురించి రాసేవాళ్లు తక్కువ, అందులో మగవాళ్లు మరీ తక్కువ. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కైరో సంస్కర్తలు జార్ మీద విరుచుకుపడ్డప్పుడు వాళ్ల కోపంలో సగం మతం గురించి, మిగతా సగం మొగుళ్ల జేబుల గురించి. ఆత్మ కోరిక తీర్చకపోతే భార్యకు జబ్బు ముదురుతుంది. తీరిస్తే గొర్రె, బట్టలు, వాయిద్యాలవాళ్ల కూలి, వెండి. ఐ.ఎం. లూయిస్ అనే మానవశాస్త్రవేత్త 1971లో ఇలాంటి పూనకాలన్నిటికీ ఒక వివరణ ఇచ్చాడు: అధికారం లేని స్త్రీలు ఆత్మ పేరు చెప్పి మగవాళ్ల దగ్గర తమకు కావాల్సింది రాబట్టుకుంటారని. ఇది పూర్తిగా తప్పు కాదు. కానీ ఇందులో ఒక చులకన దాక్కుని ఉంది, ఆ స్త్రీలు నటిస్తున్నారన్న అనుమానం. ఉత్తర సూడాన్ పల్లెలో చాలాకాలం ఉండి జార్‌ను చూసిన జానిస్ బాడీ 1980ల్లో దాన్ని ఒప్పుకోలేదు. అక్కడి స్త్రీలకు జార్ తమ బతుకును పక్కకు తప్పుకుని చూసుకునే అవకాశమని ఆమె వాదన.

బిళ్లనే సాక్షిగా పిలిస్తే లూయిస్ వివరణ సగమే నిలబడుతుంది. మామూలు నగ ఆడదాని ఆస్తి. పెళ్లిలో వస్తుంది, కష్టం వస్తే కుదువ పెడుతుంది, మరీ కష్టమైతే అమ్ముతుంది. ఈజిప్టు పల్లెల్లోనూ వెండి కడియాలంటే బ్యాంకు ఖాతాయే. జార్ వెండి ఆ లెక్కలోకి రాదు. అది ఆత్మ సొత్తు. తీసేస్తే, అమ్మితే ఆత్మ అలుగుతుంది, జబ్బు తిరగబెడుతుందని నమ్మకం. అంటే భర్త ఇచ్చిన డబ్బు భార్య చేతిలో కరగని, మారకానికి పనికిరాని సరుకుగా గడ్డకట్టింది. కేవలం డబ్బు గుంజడమే ఉద్దేశమైతే ఇంతకంటే తెలివితక్కువ పద్ధతి ఉండదు. అయితే ఇంకో వైపు నుంచి చూడండి: ఇంట్లో ఎవరికి ఎంత కష్టం వచ్చినా ‘నీ మెడలోది ఇవ్వు’ అని ఎవరూ అడగలేని నగ ఆ స్త్రీకి అదొక్కటే.

మత పండితులు జార్‌ను బిద్అత్ (మతంలో లేని కొత్త ఆచారం) అన్నారు, షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) అన్నారు. కైరోలోని ఇస్లాం విద్యాపీఠం అల్ అజ్హర్ వర్గాల నుంచి ఈ ఖండన ఎప్పుడూ ఆగలేదు. డాక్టర్లు ఇంకో పేరు పెట్టారు. 1966లో ఈజిప్టు మానసిక వైద్యుడు అహ్మద్ ఒకాషా జార్ మీద అధ్యయనం చేశాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో తెచ్చిన రోగ నిర్ధారణ పట్టికలో జార్‌ను ఒక సంస్కృతికే పరిమితమైన రుగ్మతల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో లక్షణాలు రాశారు: అరవడం, నవ్వడం, తల గోడకు కొట్టుకోవడం, పాడటం, ఏడవడం. దరువు లేదు, నెత్తుటిలో తడిపిన వెండి లేదు.

నగలు మాత్రం సేకర్తల చేతికి చిక్కాయి. 1920ల్లో ఎగువ ఈజిప్టు పల్లెల్లో తిరిగిన వినిఫ్రెడ్ బ్లాక్‌మన్ తాయెత్తులు పోగుచేసింది, వాటిలో చాలా ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. జార్ బిళ్లల్ని ప్రత్యేకంగా పట్టించుకుని, ఏ బొమ్మ ఏ ఆత్మదో రాసిపెట్టినవాళ్లు రుడోల్ఫ్ క్రిస్, హుబర్ట్ క్రిస్ హైన్రిష్. వాళ్ల పని 1960 దశకం మొదట్లో అచ్చయింది. అప్పటి నుంచి జార్ తాయెత్తు అన్నది వేలం కేటలాగుల్లో ఒక తరగతి అయిపోయింది. తోకున్న స్త్రీ కనిపిస్తే సఫీనా, టోపీ కనిపిస్తే యావ్‌రా బే, పని అయిపోయినట్టే. ఇందులో రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. జార్‌లో వాడిన ఉంగరాలు, కడియాలు, పూసల దండలు చాలావాటి మీద ఏ బొమ్మా ఉండదు. అకీక్ అనే రంగురాయి ఉంగరాన్ని చూసి అది ఏ దొరకు ఇచ్చిందో చెప్పడం ఎవరి తరం కాదు, కాబట్టి అవి మామూలు ఈజిప్టు నగలుగా జమ అవుతాయి. ఇంకో పక్క బొమ్మ ఉన్నంత మాత్రాన ఒక్కరోజు కూడా జార్ గుమ్మం తొక్కని బిళ్లలు జార్ తాయెత్తులుగా చలామణి అవుతాయి.

పాత బిళ్లను గుర్తుపట్టాలనుకునేవాళ్లకు వెండి మీది ప్రభుత్వ ముద్ర కొంత సాయం చేస్తుంది. ఈజిప్టులో వెండి నాణ్యతను 90, 80, 60 అన్న లెక్కల్లో అరబ్బీ అంకెలతో కొడతారు, సంవత్సరాన్ని తెలిపే అక్షరం కూడా పక్కన ఉంటుంది. జార్ బిళ్లల్లో తక్కువ నాణ్యత వెండివి చాలా ఉంటాయి, అసలు ముద్రే లేనివీ ఉంటాయి. పేదరాలి దొరకు కూడా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. అంకె కంటే నమ్మదగ్గది వెనక వైపు రాత. చేత్తో చెక్కినదైతే ఉలి జారిన చోట్లు, అక్షరం కుదరక ఇరికించిన చోట్లు, ఏళ్ల తరబడి ఛాతీకి రాసుకుని అరిగిన చోట్లు ఉంటాయి. టూరిస్టుల కోసం పోతపోసిన వాటిలో ఆయతుల్ కుర్సీ అక్షరాలు గుండ్రంగా, మెత్తగా, చదవడానికి వీల్లేకుండా ఉంటాయి. వాటినే చాలా దుకాణాల్లో బెదూయిన్ (ఎడారి సంచార జాతి) నగ అని, మత్స్యకన్య లాకెట్ అని అమ్ముతారు.

జార్ ఈజిప్టులో చచ్చిపోలేదు గానీ ఇళ్లలో బాగా తగ్గింది. కైరోలో ఇప్పుడు దాన్ని టిక్కెట్టు కొని కచేరీగా వినొచ్చు. వాయించేవాళ్లలో ఆ సంప్రదాయంలో పుట్టిపెరిగినవాళ్లు ఉన్నారు, దరువులు పాతవే, బలి మాత్రం ఉండదు. ఆత్మ సొత్తని దాచుకున్న వెండిని మనవరాళ్లు తూకానికి అమ్ముతున్నారు. కొంత కరిగిపోతోంది, కొంత యూరప్ వేలం పాటలకు చేరుతోంది. ఇంకా కూదియా ఇంటికి వెళ్లేవాళ్లు కూడా ఖాన్ అల్ ఖలీలీలో పోతపోసిన బిళ్ల కొనుక్కుని వెళితే దాని విలువ జార్ లెక్కలో ఏమీ తగ్గదు. ఎందుకంటే నెత్తుటిలో తడపాల్సింది ఆ బిళ్లనే, అది ఎవరు చేశారన్నది దొర అడగడు.